సోమలింగానికి 47 శాతం

మొన్న రాత్రి తొమ్మిది గంటల చర్చ మీరూ చూసే ఉంటారు. తెర నిండా రెండు బొమ్మలు. ఎడమపక్క అమెరికా ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, కుడిపక్క డెమొక్రాట్ నేత గవిన్ న్యూసమ్. మధ్యలో ఎర్రగా 2028 అన్న అంకె, వెనక డప్పుల మోత. కింద పరిగెడుతున్న అక్షరాలు: 'తెలుగింటి అల్లుడికి ఎదురుగాలి!' ఏదో అమెరికా సర్వేలో ఒకటి రెండు పాయింట్లు అటూ ఇటూ అయ్యాయట. యాంకరు గొంతు విన్నవాళ్లు ఆ రాత్రి వాన్స్ అత్తింటివాళ్ల పూర్వీకుల ఊరు వడ్లూరులో పొయ్యి వెలగలేదనే అనుకుంటారు. చర్చకి నలుగురు విశ్లేషకులు. ఒకాయన స్వింగ్ స్టేట్లన్నాడు. ఒకాయన సామాజిక సమీకరణాలన్నాడు. ఇంకొకాయన ఇంట్లో నిర్ణయాలు ఎవరివి అన్న కోణం తీశాడు. నాలుగో ఆయన టెక్సాస్ నుంచి లైన్లోకొచ్చి, మాట వినపడక, పది నిమిషాలు 'హలో హలో' అన్నాడు. ఉన్నంతలో ఆయనే నయం.

ఆ బొమ్మల్లోని ఇద్దరికీ ఏ పార్టీ టికెట్టూ ఇవ్వలేదు. టికెట్టు తేల్చే ప్రైమరీలు మొదలవ్వాలన్నా 2028 రావాలి. అధ్యక్ష పదవికి పోలింగు ఆ ఏడు నవంబరు 7న. అయినా ఒకరికి ఎదురుగాలి వీచింది, ఇంకొకరికి ఊపు వచ్చింది.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు ఎగతాళి చేసేవాళ్లు. పాపం, సైన్సు తెలియని రోజులు. అడుగున చిన్న అక్షరాలతో 'శాంపిల్ వెయ్యి, మార్జిన్ మూడు శాతం' అని వేసుకుని ఉంటే ఆ సోమలింగాన్ని చూసి నవ్వే మొనగాడెవడు? పెద్దల తప్పు దిద్దే బాధ్యత నేను నెత్తిన వేసుకున్నాను. ఈ వారమే సోమలింగం బారసాల.

మా పై వాటాలో ఉండే కుర్రాడికి సంబంధాలు చూస్తున్నారు. మాట్రిమొనీలో ఫోటో ఇప్పటికే రెండు మూడుసార్లు మార్చారు. అద్దె ఉయ్యాల ఒకటి పట్టుకుని మేడెక్కాను.

"వదినగారూ, సోమలింగం బారసాలకి ముహూర్తం పెట్టించాను."

"ఏ సోమలింగం అన్నయ్యగారూ?"

"మీ మనవడండీ."

"మావాడికి ఇంకా పిల్లే కుదరలేదు కదండీ!"

"ఈ దశలో అది మామూలే. ముందు ట్రెండు చూసుకుందాం."

ఆవిడ నా మొహం వంక చూసి, లోపలికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది. ఎండ దెబ్బ అనుకుని ఉంటుంది.

సర్వే మొదలుపెట్టాను. సర్వేలవాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్నే: 'బారసాల ఇవాళే జరిగితే మీరు ఎవరిని ఎత్తుకుంటారు?' నూటికి నలుగురైదుగురు ఫోనెత్తారు. వాళ్లలో సగంమంది లోన్ వాళ్లమనుకుని పెట్టేశారు. ఇందులో నేను నొచ్చుకోవాల్సిందేమీ లేదు. అమెరికాలో పేరున్న ప్యూ సంస్థకే 1997లో నూటికి 36 మంది పలికేవాళ్లు, 2018 నాటికి ఆరుగురయ్యారు. పలికిన ఆ కొద్దిమందినే వయసూ చదువూ రంగూ చూసి తూకాలు వేసి, దేశం మొత్తంగా చూపిస్తారు. నేనూ అలాగే తూచాను. సోమలింగం 47, ఎదురింటివాళ్లకి పుట్టాల్సిన సుబ్బలక్ష్మి 46, ఇంకా తేల్చుకోనివాళ్లు 7. ఎదురింట్లో ఉండేది రిటైరైన బ్రహ్మచారి లెక్చరరు. కానీ అది అభ్యర్థి వ్యక్తిగత విషయం.

రెండో రౌండులో సోమలింగం 45కి దిగాడు. వీధిలో కలకలం. నామకరణ వ్యూహం బెడిసికొట్టిందని ఒకరు, యువతకి పాతకాలం పేర్లు ఎక్కడం లేదని ఒకరు. పడింది రెండు, మార్జిన్ మూడు. అంటే వాడు పడ్డాడో లేచాడో చెప్పడం ఆ లింగడి వల్ల కూడా కాదు. పైగా ఆ మూడు ఒక్కొక్కరి అంకెకి విడిగా వర్తించేది. ఇద్దరి మధ్య తేడా చూడాలంటే అది ఇంచుమించు రెట్టింపవుతుంది. ఈ సంగతి టీవీలో చెబితే చర్చ రెండు నిమిషాల్లో ముగిసిపోతుంది, ప్రకటనలు ఎక్కడ వేస్తారు?

మావాడేమీ మొదటివాడు కాదు. అమెరికాలో సోమలింగానికి అన్నలు బోలెడు.

పెద్దన్న మైకేల్ డుకాకిస్. 1988 జులైలో డెమొక్రాట్ల మహాసభ ముగిసిన ఊపులో గాలప్ సర్వే ఆయన్ని 17 పాయింట్లు ముందు కూర్చోబెట్టింది. నవంబరుకల్లా పెద్ద బుష్ 40 రాష్ట్రాలు ఎత్తుకుపోయాడు. అక్కడ అభ్యర్థి నిజంగానే ఉన్నాడు, టికెట్టూ చేతిలో ఉంది. పట్టుమని నాలుగు నెలల వ్యవధి. అయినా అంతే సంగతులు.

తర్వాతివాడు రాస్ పెరో. 1992 జూన్‌లో ఈ వ్యాపారవేత్తకి 39, బుష్‌కి 31, మూడోస్థానంలో బిల్ క్లింటన్‌కి 25. పెరో జులైలో ఉయ్యాల దిగి వెళ్లిపోయాడు, అక్టోబరులో మళ్లీ వచ్చి ఎక్కాడు. చివరికి నూటికి 19 దాకా ఓట్లు పడ్డాయి, ఎలక్టోరల్ ఓటు మాత్రం ఒక్కటీ రాలేదు. మూడోస్థానపు కుర్రాడు ఎనిమిదేళ్లు వైట్‌హౌస్‌లో ఉన్నాడు.

ఇంకాస్త వెనక్కి వెళితే 1983 జనవరి. నిరుద్యోగం మండిపోతోంది, రీగన్‌ని మెచ్చేవాళ్లు నూటికి 35 మంది. ముసలాయన పనైపోయిందని, వాల్టర్ మాండేల్‌తో జోడీ కట్టి సర్వేలు ముందే దండలు మార్పించాయి. మరుసటేడు రీగన్‌కి 50లో 49 రాష్ట్రాలు. మాండేల్‌కి మిగిలినవి సొంత మిన్నెసోటా, రాజధాని వాషింగ్టన్.

2007లోనైతే ఇంకా విచిత్రం. హిల్లరీ క్లింటన్, రూడీ జూలియానీ పోరు ఖాయమని ఏడాదంతా అంకెలు కట్టారు. వీళ్లిద్దరిలో ఏ ఒక్కరికీ టికెట్టు దక్కలేదు. జూలియానీ ప్రైమరీల్లో ఒక్క రాష్ట్రం కూడా గెలవలేదు. ఇద్దరు సోమలింగాలకి పెళ్లి చేసి, పంక్తిలో వడ్డించాక, ఆ ఇద్దరూ పుట్టలేదని తెలిస్తే ఎలా ఉంటుంది? ఎలాగూ ఉండదు. విస్తళ్లు ఎత్తేసి తర్వాతి పెళ్లికి వెళ్లిపోతారు.

1996లో క్లింటన్ దాదాపు ఏడాదంతా ప్రత్యర్థి డోల్ మీద ముందుండి, అలాగే గెలిచాడు కదా అంటారు. నిజమే. పురోహితుడు ప్రతి ఇంట్లోనూ కొడుకే పుడతాడని చెబుతూ పోతే సగం ఇళ్లలో దక్షిణ రెట్టింపే. రాబర్ట్ ఎరిక్సన్, క్రిస్టఫర్ లీజియన్ అనే ఇద్దరు పండితులు 1952 నుంచీ జరిగిన అధ్యక్ష ఎన్నికల సర్వేలన్నీ పోగేసి లెక్క కట్టారు. పోలింగుకి దాదాపు మూడువందల రోజుల ముందు వచ్చే అంకెకీ చివరి ఫలితానికీ చెప్పుకోదగ్గ చుట్టరికం లేదని తేల్చారు. మహాసభలు ముగిశాక అంకెలు బాగా కుదురుకుంటాయిట. మనమిప్పుడు మూడువందల రోజులు కాదు కదా, దానికి ఎన్ని రెట్ల దూరంలో కూర్చుని ఊపుతున్నాం!

మరి ఈ ఖాళీ ఉయ్యాలకి ఇంత హడావుడి ఎందుకంటారా? బారసాలకి వెళ్లినవాళ్లకి తెలుసు. బిడ్డ మొహం చూసేది క్షణం, చదివింపులు రాసేది గంట. 2015లో జెబ్ బుష్ సోమలింగం కోసం 'రైట్ టు రైజ్' అనే సంఘం ఆరు నెలల్లో పది కోట్ల డాలర్లకి పైగా చదివింపులు రాసుకుంది. ఆ ఏడు మొదట్లో సర్వేల్లో ముందువరుస ఆయనదే. 2016 ఫిబ్రవరిలో, ఒక్క రాష్ట్రం కూడా గెలవకుండానే ఆయన ఇంటికెళ్లిపోయాడు. చదివించినవాళ్లకి పసుపుకుంకాలైనా ముట్టాయో లేదో.

పుట్టని బిడ్డని చూసి పుట్టాల్సినవాళ్లు జడుసుకోవడం కూడా ఉంది. 1991లో గల్ఫ్ యుద్ధం ముగిసేసరికి పెద్ద బుష్‌ని మెచ్చేవాళ్లు 89 శాతం. ఆ అంకె చూసి పేరున్న డెమొక్రాట్లు చాలామంది 'ఈసారికి వద్దులే' అనుకుని ఇంట్లో కూర్చున్నారు. ఖాళీ అయిన ఆ దారిలోనే అర్కాన్సా గవర్నరు క్లింటన్ నడుచుకుంటూ వచ్చాడు. ఇరవై నెలలు తిరిగేసరికి బుష్ ఓడిపోయాడు.

సర్వేలన్నీ బూటకం అంటున్నానని అనుకోకండి. ఇక్కడినుంచి నాకు నవ్వు రావడం లేదు.

2023 ఆగస్టులో ఏపీ-నోర్క్ వాళ్లు ఒక సర్వే చేశారు. ఏపీ అంటే మన ఏపీ కాదు, అసోసియేటెడ్ ప్రెస్. బైడెన్ ఇంకో నాలుగేళ్లు పని చేయలేనంత పెద్దవాడైపోయాడా అని అడిగితే, అవునని 77 శాతం చెప్పారు. సొంత పార్టీ డెమొక్రాట్లలోనే 69 శాతం. ఇది జోస్యం కాదు. ఇంట్లో పెద్దాయన గుమ్మం దగ్గర తూలడం కళ్లారా చూసి ఇంటివాళ్లే చెప్పిన మాట. జనాన్ని వాళ్లకి తెలిసినదేదో అడిగారు, జనం తెలిసింది చెప్పారు. ఏడాది ముందే.

ఎవరు విన్నారు? పత్రికలు ట్రంప్ ఎంత, బైడెన్ ఎంత అనే పందెం అంకెనే మొదటి పేజీలో వేశాయి. బైడెన్ ప్రచారబృందమేమో ఇంత ముందు వచ్చే సర్వేలకి అర్థం లేదంటూ మొత్తం కట్టకట్టి అవతల పారేసింది. పారేయాల్సిన అంకెతో పాటు వినాల్సిన మాటా పోయింది. చివరికి ట్రంప్‌తో జరిగిన టీవీ చర్చలో ప్రపంచమంతా చూశాక, 2024 జులై 21న ఆయన తప్పుకున్నాడు. ఆయన బదులు దిగిన కమలా హారిస్ చేతిలో మిగిలింది 107 రోజులు. అప్పటిదాకా ఏడాదికి పైగా ట్రంప్-బైడెన్ పోరు మీద కట్టిన వందల అంకెలు ఏ ఎన్నికకి చెందినవి? జరగని ఎన్నికవి. అన్ని వందల అంకెల మధ్య నిజం చెప్పిన జవాబు ఒక్కటుంది, దాన్ని ఆ పందెం హోరులో ముంచేశారు.

ఇప్పుడూ అదే చేస్తున్నారు. వాన్స్-న్యూసమ్ పందెం అంకె వచ్చే సర్వే కాగితాల్లోనే కిరాణా బిల్లు గురించి, ఇంటద్దె గురించి, వైద్యం ఖర్చు గురించి, వలసల మీద సర్కారు చేస్తున్న పనుల గురించి జనం చెప్పిన జవాబులుంటాయి. మన యాంకరుకి కావలసింది అల్లుడి గ్రాఫు. వడ్లూరువాళ్లని నేనేమీ అనను. 2024 నవంబరులో వాళ్లు అల్లుడి గెలుపుకి గుడిలో పూజలు చేసి సంబరపడ్డారు, ఊరి వేళ్లున్న పిల్ల కాబట్టి మురిసిపోయారు. ఆ ముచ్చట వాళ్లది. స్టూడియోలో కూర్చున్నవాళ్లకి ఏమైంది? ఆ అల్లుడు ఉపాధ్యక్షుడిగా ఉన్న ప్రభుత్వమే 2025 సెప్టెంబరు 19న కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల ఫీజు పెట్టింది. ఆ వీసాలు పొందేవాళ్లలో నూటికి డెబ్బైమందికి పైగా భారతీయులు. చదువుకోవడానికి వెళ్లే పిల్లల్ని సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా తెరిచి పెట్టమన్నదీ ఆ ప్రభుత్వమే. పొలం తాకట్టు పెట్టి పిల్లవాణ్ని డాలస్ పంపిన తండ్రి టీవీ పెట్టుకుని కూర్చుంటే, వాడి గురించి ఒక్క ముక్క లేకుండా, 2028లో ఎవరికి ఎదురుగాలో గంటసేపు చెబుతారా? సిగ్గుండక్కర్లేదా?

నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటు ముందు పొద్దున్నే ఫైళ్లు పట్టుకుని నిలబడ్డ పిల్లల దగ్గరికి ఒక్క కెమెరా పంపించండి. ఎంత అప్పు చేశారో, ఎంత వడ్డీకో అడగండి. వాళ్లకి అమెరికాలో ఓటు లేదు కాబట్టి ఏ సర్వే సంస్థా వాళ్లకి ఫోన్ చేయదు. మీరు చేయకపోవడానికి కారణమేంటి?