సిస్టరమ్మా, చేతులు కడుక్కున్నారా?

మే 5 వచ్చిందంటే మన పెద్దాసుపత్రుల్లో పండగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోజును చేతుల శుభ్రతకు కేటాయించింది మరి. పోర్టికోలో షామియానా, దాని కింద టేబులు, టేబులు మీద ప్లాస్టిక్ టబ్బు, సీలు తీయని లిక్విడ్ సోపు సీసా. ముఖ్య అతిథిగారు చొక్కా చేతులు మడుస్తారు. ఒకరు మగ్గుతో నీళ్లు పోస్తారు, ఒకరు టవలు పట్టుకుంటారు, మిగతావాళ్లంతా ఫొటోలో పడతారు. వెనక వరుసలో నర్సులు ఫ్లెక్సీ పట్టుకుని నిలబడతారు. ‘ఇన్ఫెక్షన్ నివారణ మన చేతుల్లోనే’ అని దాని మీద ఉంటుంది. ఎవరి చేతుల్లో అని ఎవరూ అడగరు. ఫ్లెక్సీ ఎవరు పట్టుకున్నారో కనిపిస్తూనే ఉంది కదా! సభ ముగియగానే సోపు సీసా స్టోరుకు చేరుతుంది. మళ్లీ ఇన్‌స్పెక్షన్ టీము వచ్చేదాకా బీరువాలో దానికి విశ్రాంతి.

ఈలోగా వార్డులో ఎవరికో ఆపరేషన్ కుట్లు చీము పడతాయి. మూత్రం గొట్టం వేసిన మరో పెద్దాయనకు మూడోనాటికి చలిజ్వరం మొదలవుతుంది. వెంటనే ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీ సమావేశమై, టీ బిస్కెట్ల అనంతరం లోతుగా చర్చించి, స్టాఫ్ నర్సుకు మెమో ఇస్తుంది. మన వైద్యరంగంలో ఖర్చు లేని, డోసు పరిమితి లేని యాంటీబయాటిక్ మెమో ఒక్కటే. దానితో ఏ రోగికీ జ్వరం తగ్గిన దాఖలా లేదు గానీ, పైవాళ్లకు మాత్రం వెంటనే ఉపశమనం కలుగుతుంది.

సరే, కడుక్కోవాల్సింది ఎన్నిసార్లో లెక్క వేద్దాం. రోగిని ముట్టుకునే ముందు, సూది గొట్టాల పనికి ముందు, నెత్తురూ చీమూ తగిలాక, రోగిని ముట్టుకున్నాక, ఆయన మంచాన్నీ దుప్పటినీ తాకాక. ఇవీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన అయిదు సందర్భాలు. వార్డులో 40 మంది, డ్యూటీలో ఒక్క సిస్టరు అనుకోండి. ఒక్కొక్కరి దగ్గరికి రెండేసిసార్లే వెళ్లినా, ముందూ వెనకా కలిపి 160 సార్లు. హ్యాండ్ రబ్‌తో రుద్దితే ప్రతిసారీ 20 నుంచి 30 సెకన్లు, అంటే గంటా ఇరవై నిమిషాల దాకా. సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు, అంటే రెండు గంటల నలభై నిమిషాల దాకా. పొద్దున ఎనిమిది నుంచి రెండింటి వరకు డ్యూటీ. మిగిలిన టైములో ఇంజెక్షన్లు, సెలైన్లు, డ్రెస్సింగులు, కేస్ షీట్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు, ‘మా నాన్నకు సీసా అయిపోయిందమ్మా’ అనే కేకలు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అంటుంది. కౌన్సిల్ వారిది మంచి మనసు.

పని ఒత్తిడి పెరిగితే చేతుల శుభ్రత తగ్గుతుందని జెనీవాలో పిటే అనే డాక్టరు, ఆయన బృందం తమ ఆసుపత్రిలోనే గమనించి 1999లో ప్రచురించారు. కడగాల్సిన సందర్భాల్లో సగటున 48 శాతమే పాటించారట. అది స్విట్జర్లాండ్, కొళాయిలో నీళ్లు వచ్చే దేశం. ఇంకో సంగతి కూడా ఆ అధ్యయనంలోనే తేలింది. ఆసుపత్రి సిబ్బంది అందరిలోకీ నర్సులే మెరుగు. ఈ మాట మన కమిటీ మినిట్స్‌లో ఎక్కడా ఎక్కినట్టు లేదు.

అసలు ఈ గొడవ మొదలైందే డాక్టర్ల చేతులతో. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడికి ఒక అనుమానం వచ్చింది. మంత్రసానులు చూసే కాన్పుల వార్డు కన్నా వైద్య విద్యార్థులు చూసే వార్డులో బాలింతలు ఎందుకు ఎక్కువగా చనిపోతున్నారు? ఆ విద్యార్థులు శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పు గదికి వస్తున్నారు! క్లోరిన్ సున్నం ద్రావణంలో చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 దాకా ఉన్న మరణాలు ఆ వేసవిలోనే రెండు దరిదాపులకు దిగాయి. సన్మానం చేయాల్సింది పోయి, పెద్దమనుషుల చేతులు మురికివంటావా అని తోటి వైద్యులు చాలామంది మండిపడ్డారు. ఆయన చివరికి 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు.

ఇప్పుడు మన వార్డుకు రండి. పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కు బయల్దేరారు. వెనక అసిస్టెంట్లు, పీజీలు, హౌస్ సర్జన్లు. మొదటి మంచం దగ్గర పుండు కట్టు విప్పి చూశారు, రెండో మంచం దగ్గర పొట్ట నొక్కారు, మూడో మంచం దగ్గర పిల్లాడి బుగ్గ గిల్లారు. హ్యాండ్ రబ్ సీసా పట్టుకుని సిస్టరు పక్కనే నడుస్తోంది. ‘సార్, చేతులు...’ అందామని నోటి దాకా వచ్చింది. అలా అన్న సిస్టరుకు వచ్చే నెల ఏ వార్డులో నైట్ డ్యూటీ పడుతుందో అందరికీ తెలుసు. సీసా మూత విప్పకుండానే నలభై మంచాలూ తిరిగొచ్చింది. ఆ రోజు రిజిస్టరులో ‘హ్యాండ్ హైజీన్: సంతృప్తికరం’ అని రాసిందీ ఆవిడే.

అలాగని మా నర్సమ్మలు మరీ ముత్యాలనీ అనను. ఒకే జత గ్లౌజులతో వార్డంతా చుట్టేసే దిట్టలున్నారు. ఆ గ్లౌజుతోనే క్యాన్యులా సరిచేసి, దానితోనే కేస్ షీటు రాసి, జేబులో మోగిన ఫోను తీసి ‘మూడు విజిళ్లు రాగానే కుక్కరు దించెయ్’ అని కూతురికి చెప్పి, తర్వాతి మంచం దగ్గరికి వెళ్తారు. గ్లౌజు ఆవిడ చేతిని కాపాడింది, రోగుల సంగతి దేవుడికెరుక. వాడిన సూదికి మూత పెట్టొద్దని ట్రైనింగులో ఎన్నిసార్లు చెప్పినా పెడతారు, వేలికి గుచ్చుకుంటారు. హెచ్‌ఐవీ రాకుండా మందు వీలైతే రెండు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు. అయినా చాలామంది దూదితో అదిమి ఊరుకుంటారు. చెబితే మందు కన్నా ముందు మెమో వస్తుందని భయం.

ఇక ఆసుపత్రి చెత్త డబ్బాలు. 2016 నాటి నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. వార్డు మూల చూస్తే అఖిలపక్ష సమావేశంలా ఉంటుంది. నెత్తుటి దూది పసుపులో, గ్లౌజులూ సెలైన్ గొట్టాలూ ఎరుపులో, సూదులు తెల్ల డబ్బాలో, గాజు సీసాలు నీలంలో పడాలి. రోగి బావమరిది తెచ్చిన బిర్యానీ ఎముకలు మాత్రం ఏది దగ్గరుంటే దాంట్లో పడతాయి. తనిఖీలో దానికీ సంజాయిషీ సిస్టరే ఇవ్వాలి.

మే 5 దాటి వారం తిరిగితే మే 12, నర్సుల దినోత్సవం. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఫొటో ముందు కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆవిడ పనిచేసిన స్కుటారి సైనికాసుపత్రిలో 1855లో శానిటరీ కమిషన్ మురుగుకాలవలు కడిగించి, గాలి ఆడేలా చేశాకే మరణాలు బాగా తగ్గాయి. ఆ తర్వాత ఆవిడ జీవితమంతా అంకెలు ముందుపెట్టి ప్రభుత్వంతో కొట్లాడింది ఆ నీళ్లూ గాలీ మురుగుకాలవల కోసమే. మనం ఆవిడ చేతి దీపాన్ని మాత్రం ఉంచుకుని డ్రైనేజీని వదిలేశాం.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా! మీ మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంటే ‘సిస్టరమ్మా, చేతులు కడుక్కున్నారా?’ అని నిరభ్యంతరంగా అడగండి. అదే గొంతుతో పెద్ద డాక్టరుగారినీ అడగండి. తర్వాత వార్డు చివరి సింకు దగ్గరికెళ్లి కొళాయి తిప్పండి. నీళ్లు రాకపోతే సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. మీరు కూడా చేతులు కడుక్కున్నాకే మీ మనిషిని ముట్టుకోండి.