దేవుని పేర ఒకటోసారి

మతానికి నీతి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న మీద 1793లో ప్రష్యా దేశపు కాంట్ ఒక పుస్తకమే రాశాడు. దేవుణ్ని మెప్పించడానికి మంచి నడవడి తప్ప వేరే దారి లేదని, మిగతా తంతంతా దొంగసేవేనని అందులో తేల్చాడు. మరుసటేడు రాజుగారి నుంచి తాకీదు వచ్చింది: ఇకముందు మతం జోలికి పోవద్దని. కాంట్ సరేనన్నాడు. ఎంత తత్వవేత్తయినా ఊళ్లో ఉండాలి గదా.

ఊళ్లో ఉండాలంటే ఎవరి మాట వినాలో కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల పల్లెల్లో కాంట్‌ను చదవకుండానే అందరికీ తెలుసు. అక్కడ గ్రామాభివృద్ధి కమిటీ అని ఒకటుంటుంది. ముద్దుగా వీడీసీ. చట్టంలో దానికి చోటు లేదు, ఊళ్లో దానికి తిరుగులేదు. కులానికి ఒకరో ఇద్దరో చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు కాబట్టి చూడ్డానికి మహా ప్రజాస్వామ్యంగా ఉంటుంది. వీడీసీలు మంచి పనులు చేయలేదని ఎవరూ అనరు. బోర్లు వేయించినవి ఉన్నాయి, దారులు బాగు చేయించినవి ఉన్నాయి. అయితే అన్ని పనుల్లోకీ పుణ్యమైన పని గుడి. గుడికి పైసలు కావాలి. పైసలకు వేలంపాట కావాలి.

దేన్ని వేలం వేస్తారని అమాయకంగా అడక్కండి. కోడికూర అమ్ముకునే హక్కు, చెరువులో చేపలు, వాగులో ఇసుక, అన్నిటికంటే ముందు బెల్టు షాపు. లైసెన్సు లేకుండా మందు అమ్మడం నేరమని ఎక్సైజ్ చట్టం చెబుతుంది. ఆ నేరాన్ని ఏడాది పాటు చేసుకునే హక్కును ఊరి నడుమ, పట్టపగలు, మైకు పెట్టి పాట పాడిస్తారు. దేవుని పేర ఒకటోసారి, దేవుని పేర రెండోసారి. పాట లక్షల్లో పోతుంది. గెలిచినవాడు దండం పెట్టుకుని మందు అమ్మకం మొదలుపెడతాడు. ఇంకెవరైనా పోటీగా ఒక్క సీసా అమ్మితే అది మాత్రం తప్పు. దానికి జుర్మానా ఉంది.

ఇందులో ఉన్న తత్వం లోతైనది. పాట పాడినవాడు లక్షలు రాబట్టుకోవాలి గనుక క్వార్టరు మీద అచ్చు ధర కంటే పదో ఇరవయ్యో ఎక్కువ తీసుకుంటాడు. ఆ పదీ ఇరవై గుడికి చేరుతుంది. అంటే ఊళ్లో ఎవడు ఎంత తాగితే గోపురం అంత ఎత్తు లేస్తుంది. అందరూ మానేస్తే పాపం తగ్గుతుంది కానీ ప్రతిష్ఠ ఆగిపోతుంది. ఫలితం మీద ఆశ పెట్టుకోకుండా కర్మ చేయమని చెప్పిన దేశంలో ఆ మాటను అక్షరాలా పాటిస్తున్నవాడు తాగుబోతు ఒక్కడే. రోజూ ఇస్తాడు, రసీదు అడగడు, శిలాఫలకం మీద పేరు కోరడు. దుబాయి నుంచి పంపినాయన పేరు, గర్భగుడికి గ్రానైట్ ఇచ్చినాయన పేరు చెక్కిస్తారు. ధ్వజస్తంభానికి సరిపడా తాగినవాడి పేరు ఏ రాయి మీదా ఉండదు.

ఇంకో అడుగు వెనక్కి పోతే ఆ పైసలు వాడివి కూడా కావని తెలుస్తుంది. కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ప్రాంతంలో ఇంటింటా ఆడవాళ్లు చాట ముందేసుకుని, మెడలు పడిపోయేదాకా వంగి, వెయ్యికింత చొప్పున బీడీలు చుడతారు. ఆమె చుట్టిన బీడీ కూలి ఆయన జేబులోకి, ఆయన జేబులోంచి బెల్టు షాపుకు, అక్కడి నుంచి వీడీసీ ఖాతాకు, ఖాతా నుంచి గోపురానికి. తాగొచ్చి కొట్టకుండా చూడు స్వామీ అని ఆమె మొక్కుకునేది కూడా ఆ గుడిలోనే.

“గుడి కట్టుడు తప్పా సార్?” అని అడుగుతాడు ఇలాంటి కమిటీ పెద్దమనిషి ఎవరైనా.

“గుడి తప్పు కాదు పటేలా, మందు పైసలు...”

“పైసలకు కులముంటదా, మతముంటదా? మీరు సదువుకున్నోళ్లు, మీరే గట్లంటె ఎట్ల?”

ఇంత సర్వమత సమభావం నేను వేదాంతుల్లో కూడా చూడలేదు.

సరే, పైసలు ఎట్లా వచ్చినా మతం నీతి అక్కడ తేలదనుకుందాం. ఇవ్వనన్నవాణ్ని ఏం చేశారన్న దగ్గర తేలుతుంది. నాకు తెలిసి ఏ మతాన్నయినా పరీక్షించడానికి ఇంతకంటే చవకైన పద్ధతి లేదు. వీడీసీ అడిగినంత కట్టబోమన్న కులాన్నో కుటుంబాన్నో ఊరి నుంచి వెలేసిన వార్తలు నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. డప్పు చాటింపు అవుతుంది. కిరాణా కొట్టువాడు ఉప్పు అమ్మకూడదు, ఆటోవాడు ఎక్కించుకోకూడదు, కూలికి ఎవరూ పిలవకూడదు, పొలానికి ట్రాక్టరు పోకూడదు. మాట్లాడినవాడికి జుర్మానా. మాట్లాడినవాణ్ని చూసి చెప్పినవాడికి ఇనాము. గుడిలోకి రావద్దనడం ఎట్లాగూ ఉంటుంది. దేవుడు అందరివాడే, బకాయి లేనంత వరకు.

వెలివేత మన వీడీసీల సొంత కల్పనేం కాదు, న్యాయం చెప్పాలి. ఏ మతమూ, ఏ కులమూ తన వాళ్లను వెలివేయకూడదంటూ బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం చేస్తే, దావూదీ బోహ్రా ముస్లింల గురువు వేసిన కేసులో 1962లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్నే కొట్టేసింది. వెలివేసే హక్కు మతం తన వ్యవహారాలు తాను చూసుకునే హక్కులో భాగమంది. ఆ తీర్పును మళ్లీ చూడాలని 2023లో అయిదుగురు న్యాయమూర్తులు తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపారు. అంతకుముందే మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నేరమంటూ కొత్త చట్టం చేసుకుంది, మూడేళ్ల దాకా జైలు. మహారాష్ట్ర నుంచి మనకు గోదావరి నీళ్లు వస్తాయి, ఉల్లిగడ్డలు వస్తాయి. చట్టానికి మాత్రం బస్సు దొరకలేదు.

ఈ నేల మీద బహిష్కరణకు ఇంకో చరిత్ర ఉంది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగినప్పుడు, ఆ ముందూ వెనకా పల్లెల్లో రైతుకూలీలు దొరలకు ఇదే పని చేశారు. చాకలి బందు, మంగలి బందు, పాలేరు బందు. వెట్టి చేయించుకున్న గడీల్లో దొరలే నీళ్లు తోడుకోవలసి వచ్చింది. అంతే, అక్టోబరు కల్లా ప్రభుత్వానికి శాంతిభద్రతలు గుర్తుకొచ్చి సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఇప్పుడు అదే ఆయుధం పెద్దల చేతికి తిరిగొచ్చి కల్లుగీసేవాడి మీద, క్షౌరం చేసేవాడి మీద, డప్పు కొట్టేవాడి మీద పడుతోంది. ఏ ప్రాంతాన్నీ ఎవరూ కల్లోలితం అనడం లేదు. దొరకు గడ్డం పెరిగితే కల్లోలం, మంగలికి కడుపు మాడితే గ్రామాభివృద్ధి.

వీడీసీల సంగతి వదిలి పెద్ద దేవుళ్ల దగ్గరికి పోదాం, అక్కడ కాస్త ఊపిరి ఆడుతుంది. సిరిసిల్ల జిల్లా పేరులోనే రాజన్న ఉన్నాడు. వేములవాడలో ఆయన గుడి ఆవరణలోనే దర్గా. రాజన్నకు మొక్కినవాళ్లే దర్గాకూ మొక్కి పోవడం తరతరాల అలవాటు. పీర్ల పండుగకు అలావ చుట్టూ ఎగిరేది ఎవరని లెక్కలు తీస్తే మన పల్లెల్లో సగం ఊరు రెండు మతాల్లోనూ దొరుకుతుంది. వాళ్లకు మతసామరస్యం గురించి ఉపన్యాసం ఇవ్వబోతే తమలో ఏదో తప్పు పట్టుకున్నారని భయపడతారు. ఇంత నీతి ఏ కమిటీ తీర్మానం లేకుండా ఎట్లా నడిచిందో ఆలోచించవలసిన విషయం. బహుశా కమిటీ లేకపోవడం వల్లే.

రాజన్న దగ్గర అసలు మొక్కు కోడె మొక్కు. పిల్లలు పుడితే కోడె, జబ్బు నయమైతే కోడె, గల్ఫ్ వీసా వస్తే కోడె. గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. సొంతంగా కోడెను సమర్పించేవాళ్లూ ఎందరో. మొక్కు తీరిన మనిషి తేలికైన మనసుతో ప్రసాదం పొట్లం పట్టుకుని బస్సెక్కుతాడు. కోడె అక్కడే ఉంటుంది. తర్వాత దాని సంగతేమిటన్నది భక్తి పరిధిలోకి రాదు. తిప్పాపూర్ గోశాల కోడెలతో కిక్కిరిసి, 2025 వేసవి చివర బురదలో, ఇరుకులో కోడెలు చనిపోతే పత్రికలు ఫోటోలు వేశాయి, అధికారులు పరుగెత్తారు, షెడ్ల మాట, రైతులకు పంచే మాట వచ్చాయి. నోరున్న వాడి మొక్కు నోరులేని దానికి శిక్ష అయితే రాజన్న ఏ ఖాతాలో రాసుకుంటాడో మరి.

ఇంకోవైపు సిరిసిల్లలోనే పండుగ కొందరికి అన్నం పెట్టిన సంగతి కూడా చెప్పుకోవాలి. 2017 నుంచి కొన్నేళ్లు సర్కారు బతుకమ్మ చీరెల ఆర్డరు ఇస్తే మరమగ్గాల కార్మికుడికి నెలల తరబడి పని దొరికింది. చీరె నాణ్యత మీద జోకులు వేసినవాళ్లు ఉన్నారు. అప్పుల బాధకు సాంచా పక్కనే ప్రాణం తీసుకున్నవాళ్లను చూసిన ఊరికి ఆ చీరె ఎంత మడత నలిగినా దేవతా వస్త్రమే. గౌరమ్మకు పెట్టిన పూల కంటే ఆ కూలి లెక్కే ఎక్కువ పుణ్యమని నా అభిప్రాయం. అభిప్రాయానికి జుర్మానా ఉంటే ఇన్‌స్టాల్‌మెంట్లలో కడతాను.

చందా కోసం బెదిరించడం మాత్రం గోదావరి ఒడ్డున కొత్త సంగతి కాదు. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే బ్రాహ్మణుడి కథ ఉంది. ఆయన ఉన్నది జగిత్యాల జిల్లాకు గోదావరి అవతల, బాదనకుర్తిలో అని కొందరు చరిత్రకారుల లెక్క. బావరి పెద్ద యజ్ఞం చేసి ఉన్నదంతా పంచేశాడు. అంతా అయ్యాక, దుమ్ము తలతో, పాచి పళ్లతో ఇంకొకడు వచ్చి అయిదువందలు ఇమ్మన్నాడు. లేవయ్యా, అంతా ఇచ్చేశానన్నాడు బావరి. ఇవ్వకపోతే ఏడో రోజుకు నీ తల ఏడు ముక్కలైపోతుందని వాడు శాపం పెట్టాడు. మన ప్రాంతపు మొట్టమొదటి వీడీసీ సభ్యుడు వాడేనని నాకు గట్టి అనుమానం.

బావరి తిండి మానేసి దిగులుపడ్డాడు. చివరికి బుద్ధుడని ఒకాయన ఉన్నాడని విని పదహారుమంది శిష్యులను ఆయన దగ్గరికి పంపాడు. వాళ్లు పైఠాన్, ఉజ్జయిని మీదుగా మగధ దాకా నడుచుకుంటూ పోయి, తల అంటే ఏమిటి, తల పగలడమంటే ఏమిటని అడిగారు. అజ్ఞానమే తల, దాన్ని పగలగొట్టేది జ్ఞానమని బుద్ధుడు చెప్పాడు. శాపం పెట్టినవాడికి తల సంగతే తెలియదన్నమాట. బావరి అయిదువందలూ మిగిలాయి, ఉండి ఉంటే.

ఇప్పుడైతే కథ ఇట్లా నడవదు. ఊరి పంచాయితీ ఊళ్లోనే తెగాలి. గడప దాటి పోలీస్ స్టేషన్‌కు పోయినవాడికి ఇంకో జుర్మానా వేయడం చాలా వీడీసీల్లో ఉన్న ఆచారం. మగధ దాకా పోయి ఫిర్యాదు చేసి వచ్చిన పదహారుమందికి తలా ఎంత వేయాలో తేల్చడానికి రాత్రి ఎనిమిదికి మీటింగు పెడతారు. బుద్ధునికి కూడా నోటీసు పంపుతారు, పక్క ఊరాయన మన ఊరి పంచాయితీ ఎట్ల చెప్తడని.