కంట్రోల్ సంబంధం

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ప్లాస్టిక్ మూతలు పోసే షెడ్డు ఆయనది. ఇల్లు హబ్సిగూడ స్ట్రీట్ నంబర్ 8లో, మా అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తు. పెద్దమ్మాయికి అమెరికా సంబంధం వచ్చింది. అబ్బాయి ఎత్తు, జాతకం, ఇంటిపేరు, అన్నీ కుదిరాయి. బయోడేటాలో ఒక్క లైను దగ్గరే ఆయన ఆగిపోయాడు. పీహెచ్‌డీ, కంట్రోల్ సిస్టమ్స్.

సాఫ్ట్‌వేర్ అంటే ఆయనకు తెలుసు. డేటా సైన్స్ అంటే తెలియకపోయినా నమ్మకం. ఇదేం చదువో కనుక్కుందామని మూడో అంతస్తు ఎక్కి పెద్దాయన తలుపు తట్టాడు. ఆ పెద్దాయన ఎన్జీఆర్‌ఐలో భూకంపాల మీద పనిచేసి రిటైరయ్యారు. హబ్సిగూడలో ఇదొక సౌకర్యం. ఉప్పల్ రోడ్డులో ఎన్జీఆర్‌ఐ, సీసీఎంబీ, తార్నాక వైపు వెళ్తే ఐఐసీటీ, అన్నీ పరిశోధన సంస్థలే. ఏ అనుమానమొచ్చినా నాలుగు మెట్లెక్కితే ఓ సైంటిస్టు దొరుకుతాడు. అనుమానాలు పెళ్లిసంబంధాలప్పుడే వస్తాయన్నది వేరే సంగతి.

మెయింటెనెన్స్ లెక్కలు చూపించడానికి వెళ్లి నేనూ అక్కడే ఇరుక్కున్నాను.

"మీ షెడ్డులో మోల్డింగ్ మెషీన్‌కి ఓ చిన్న డబ్బా ఉంటుంది చూశారా? ఎర్రంకెలు వెలుగుతుంటాయి" అని మొదలుపెట్టారు పెద్దాయన.

"టెంపరేచర్ కంట్రోలర్. ఎందుకు చూడలె సార్, నెలకోటి కాలిపోతది."

"అదే. లోపల ప్లాస్టిక్ ఎంత వేడెక్కిందో థర్మోకపుల్ కొలిచి ఆ డబ్బాకి చెబుతుంది. మీరు పెట్టిన అంకెకీ దానికీ తేడా చూసి డబ్బా హీటర్‌ని తగ్గిస్తుంది, పెంచుతుంది. మరీ గట్టిగా దిద్దితే వేడి ఓసారి పైకి, ఓసారి కిందికి ఊగుతుంది. సరుకు మాడుతుంది, లేదా మూత సగమే పడుతుంది. ఎంత దిద్దాలి, ఎంత త్వరగా దిద్దాలి అన్న లెక్కే కంట్రోల్ థియరీ. దానికి ప్రాణం ఫీడ్‌బ్యాక్. బయటికి పోయిందాంట్లోంచి కొంత వెనక్కి రావాలండీ. రాకపోతే సిస్టమ్ అదుపు తప్పుతుంది."

ఆయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత అన్నాడు, "గా డబ్బా రాణిగంజ్‌ల రెండువేలకు దొరుకుతది సార్. దానికి పీహెచ్‌డీనా?"

పెద్దాయనకు ఆ మాట గట్టిగానే తగిలింది. విమానం నడిచేదీ, రాకెట్టు దారి తప్పనిదీ ఆ లెక్కతోనే అని చెప్పారు. షెడ్డు యజమాని మొహంలో మార్పు లేదు. అప్పుడిక లెక్కల్ని పక్కనపెట్టి మనిషిని తీశారు.

"మాతుకుమల్లి విద్యాసాగర్ అని, మా గుంటూరులో పుట్టినాయన. 1947. తండ్రి ఎం.వి.సుబ్బారావు గారు, నంబర్ థియరీలో పేరున్న మనిషి, కెనడాలో అల్బర్టా యూనివర్సిటీలో ప్రొఫెసర్. కొడుకు అమెరికాలో విస్కాన్సిన్‌లో చదివాడు. 1969లో పీహెచ్‌డీ అయ్యేసరికి ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు."

"ఇరవై రెండుకే!" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"తర్వాత మాంట్రియల్‌లో పదేళ్లు ప్రొఫెసరు. ఆపైన వాటర్‌లూ."

"కెనడా గూడ పర్లే సార్, అమెరికా లెక్కనే."

"ఫీడ్‌బ్యాక్ సిస్టమ్స్ మీద బర్కిలీ ప్రొఫెసర్ డిసోర్‌తో కలిసి 1975లో పుస్తకం రాశాడు. ఆ డిసోర్ కూడా బెల్జియం నుంచి వలసొచ్చినవాడే. ఆ శాస్త్రంలో సగం పేర్లు అలాంటివేనండీ. కాల్మన్ ఫిల్టర్ అని వినుంటారు..."

వినలేదని అతని మొహమే చెబుతోంది. అయినా పెద్దాయన ఆగలేదు. బుడాపెస్ట్‌లో పుట్టి, యుద్ధకాలంలో అమెరికా చేరిన రుడాల్ఫ్ కాల్మన్ 1960లో ప్రచురించిన లెక్క అపోలో నౌకలకు చంద్రుడి దారి చూపడానికి పనికొచ్చిందని చెబుతుంటే పెద్దాయన కళ్లు మెరిశాయి. ఎన్నాళ్లయిందో పాపం, ఆ మాటలు వినేవాడు దొరికి.

"సరే, మన విద్యాసాగర్ సార్ సంగతి జెప్పండి."

"1989లో ఇండియా వచ్చారు. బెంగళూరులో డీఆర్‌డీఓ వాళ్ల కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రం ఆయన చేతికిచ్చారు. కృత్రిమ మేధ! 1989లో! 2000లో ఇక్కడే, హైదరాబాద్‌లో టీసీఎస్‌లో పెద్ద హోదాలో చేరారు. 2009లో మళ్ళీ అమెరికా, టెక్సస్ యూనివర్సిటీ, డల్లాస్."

"డల్లాస్! మా చెల్లె కొడుకు గాడనే." మొహం విప్పారింది. సంబంధం సగం ఖాయమైనట్టే అనిపించింది నాకు.

"2008లో ఐఈఈఈ వాళ్ల కంట్రోల్ సిస్టమ్స్ అవార్డు. 2012లో రాయల్ సొసైటీ ఫెలోషిప్. 1918లో మన రామానుజన్‌కిచ్చారు చూడండి, అదే."

"ఇంక డల్లాస్‌లనే సెటిలైండా?"

"లేదండీ, మళ్ళీ వచ్చేశారు. ఐఐటీ హైదరాబాద్‌కి. మన కందిలో." పెద్దాయన 'మన' అన్న మాటను కాస్త సాగదీశారు. దేశం విడవకుండా ముప్పై ఏళ్లకు పైగా ఒకే రోడ్డులో ఉద్యోగం చేసిన మనిషికి ఆ వాక్యం చెప్పడంలో ఓ సుఖం ఉన్నట్టుంది.

"కంది అంటే... పటాన్‌చెరు దాటినంక, సంగారెడ్డి దిక్కు?"

"అవును."

"గాడ నాకు రెండొందల గజాలున్నది సార్" అన్నాడు ఆయన, ఎందుకో దిగులుగా. టీ పూర్తిగా తాగకుండానే లేచాడు.

కొన్నాళ్లకు స్వీట్‌బాక్సు పట్టుకుని మళ్ళీ వచ్చాడు. పెద్దాయన సంబరం చూడాలి. సైన్సు చెప్పి పెళ్లి కుదిర్చిన ఘనత ఎన్జీఆర్‌ఐలో ఇంకెవరికుంది?

"ముహూర్తం ఎప్పుడండీ?"

"మాఘంల సార్. మీకు పెద్ద దండం, మీరు జెప్పబట్టి బచాయించినం. ఆ కంట్రోల్ పిలగాన్ని వద్దన్నం. డల్లాస్‌ల ఇంకో పిలగాడు దొరికిండు, డేటా సైన్స్."

పెద్దాయన చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది. "అదేంటండీ, అంత గొప్ప చదువని చెప్పాను కదా?"

"గొప్పదే సార్, కాదన్నానా? కానీ పోయిందాంట్లకెళ్లి మళ్ల వాపస్ రావాలె, గదే ఆ చదువుకు ప్రాణమని మీరే జెప్తిరి. అంత పెద్ద సారే రెండుసార్లు వాపస్ వచ్చిండంటే, ఇగ మా అల్లుడెంత?"