అబ్బాయి ముచ్చట

"మాకు కట్నం మాట వద్దండీ. ఏదో అబ్బాయి ముచ్చట, పెద్ద బండి ఒకటి ఇప్పించండి చాలు" అన్నారు పెళ్లికొడుకు తండ్రి, తాంబూలాలు పుచ్చుకుంటూ. ఆ ముచ్చట ఖరీదు ఆన్‌రోడ్ 4 లక్షలు దాటింది. తెనాలిలో ఎరువుల కొట్లో లెక్కలు రాసి, ఉద్యోగమంతా టీవీఎస్ బండి మీదే వెళ్లదీసిన మనిషి మా బావ. ఎదురు మాట్లాడకుండా విజయవాడ వెళ్లి అడ్వాన్సు కట్టొచ్చాడు.

బండి పేరు సూపర్ మీటియర్ 650. కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు ఉన్న కాలం నుంచీ బుల్లెట్ నడుపుతున్నవాణ్ణని టెస్ట్ రైడుకి నన్నూ రమ్మన్నారు. పైగా పెళ్లికూతురి మేనమామని.

షోరూములో అల్లుడుగారు బండెక్కి కూర్చోగానే రెండు పాదాలూ నేలకి నిండుగా ఆనాయి. "చూశారా అంకుల్, సోఫాలో కూర్చున్నట్టుంది!" అన్నారు. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లే మరి. క్లాసిక్ 350 కన్నా ఆరున్నర సెంటీమీటర్లు తక్కువ. క్రూయిజరు కొత్తవాళ్లని బుట్టలో వేసుకునేది ఇక్కడే.

"ఇంతకుముందు ఏ బండి నడిపేవారు బాబూ?"

"ఇదే ఫస్టండీ. హైదరాబాదులో అన్నీ క్యాబులే. లైసెన్సు మాత్రం ఉంది, గేర్ల బండిదే."

ఎనిమిది ఎక్కడ వేశారో నేనడగలేదు. వేసుంటే ఏ 100 సీసీ బండి మీదో వేసుంటారు. మన దగ్గర ఆ ఒక్క కార్డుతో 650 సీసీ అయినా, 1800 సీసీ అయినా నడుపుకోవచ్చు. జపానులో అయితే 400 సీసీ దాటిన బండికి లైసెన్సే వేరు.

ఊరుకోలేక నాకు తెలిసింది చెప్పాను. ఇంజిను బలం గురించి నాకు బెంగ లేదు. 47 హార్స్‌పవర్ ఉన్నా చెప్పినట్టు వినే ఇంజినే. పేచీ అంతా బరువుతో. స్ప్లెండర్ 112 కిలోలుంటే ఇది 241. వేగం 40 దాటాక ఆ బరువు ఉన్నట్టే తెలీదు, ఎవరైనా నడిపేస్తారు. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నడక వేగానికి దిగినప్పుడు, యూ టర్న్ దగ్గర, పార్కింగులో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. చక్రానికీ చక్రానికీ మధ్య మీటరున్నర దూరం కాబట్టి ఇరుకు మలుపులో ఓ పట్టాన తిరగదు. అలాంటప్పుడు సగం క్లచ్ పట్టి, కుడికాలితో వెనక బ్రేకు మెల్లగా ఆన్చి, వెళ్లాల్సిన వైపు చూస్తూ తిప్పాలి. హ్యాండిల్ వంకరగా ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టుకున్నామా, బండి ఆ పక్కకే కూలబడుతుంది. ఒరగడం మొదలయ్యాక కాలు అడ్డుపెట్టి ఆపడం ఎవరి తరమూ కాదు.

"ముందు కొన్నాళ్లు పాత 100 సీసీ బండి మీద చెయ్యి తిరగనివ్వండి. పడితే మనం ఒక్కళ్లమే లేపుకోగలిగిందే మొదటి బండి" అన్నాను.

"అవన్నీ మీ కాలం భయాలండీ. జిమ్‌లో రోజూ 100 కిలోలు లేపుతాను" అని నవ్వేశారు అల్లుడుగారు.

సేల్స్ కుర్రాడు హెల్మెట్లు తెచ్చి, "మొదటిసారి ఒక్కరే వెళ్లిరండి సార్" అన్నాడు. ఆయన వినలేదు. కాబోయే పెళ్లాన్ని వెనకెక్కించుకుంటే గానీ ముచ్చట తీరదట. మా మేనకోడలు మాట తక్కువ మనిషి, ఎక్కి కూర్చుంది.

వెళ్లడం దర్జాగా వెళ్లారు. మా ముందునుంచి పోతూ చెయ్యి కూడా ఊపారు. తిరిగొచ్చి షోరూము గేటు దగ్గర యూ టర్న్ తిప్పుతుంటే ఎదురుగా ఆటో వచ్చింది. హ్యాండిల్ కుడికి తిరిగి ఉంది. నాలుగు వేళ్లూ ముందు బ్రేకు మీద పడ్డాయి. బండి కుడిపక్కకి ఒరిగిపోయింది. అల్లుడుగారు చటుక్కున దూకేశారు. అమ్మాయి మాత్రం బండితోపాటే పడింది.

మేం పరుగెత్తుకెళ్లేసరికి అల్లుడుగారు అప్పటికే ఆదుర్దాగా వంగి ఉన్నారు, ట్యాంకు మీదికి. వేలితో తడిమి చూసి, "అమ్మయ్య, గీత పడలేదు" అన్నారు. అప్పుడు అమ్మాయి వైపు తిరిగారు. "వెనక నువ్వు కదలబట్టే ఇదంతా!"

అమ్మాయి లేచి నిలబడింది. లెగ్‌గార్డు పుణ్యమా అని కాలికేం కాలేదు గానీ, మోచెయ్యి చెక్కుకుపోయింది.

అల్లుడుగారు హ్యాండిల్ పట్టుకుని బండి లేపబోయారు. మొహం ఎర్రబడింది తప్ప బండి కదల్లేదు. జిమ్‌లో ఇనుముకి పట్టుకునే చోటుంటుంది, పడ్డ బండికి ఆ చోటు తెలిసుండాలి.

"మీరు కాస్త జరగండి" అంది అమ్మాయి. ముందు ఎర్ర స్విచ్చి నొక్కి ఇంజిను ఆపింది. బండి దొర్లకుండా గేరులో ఉంచింది. అవతలి పక్కకి పడిపోకుండా సైడు స్టాండు బయటికి లాగింది. బండికి వీపు పెట్టి, నడుం కింద భాగాన్ని సీటుకి ఆన్చి, ఒక చేత్తో కింద ఉన్న హ్యాండిల్ పిడి, రెండో చేత్తో సీటు కింది ఊచ పట్టుకుంది. చేతుల్తో లాగలేదు, కాళ్లతో తన్నిపట్టి చిన్న చిన్న అడుగులు వెనక్కి వేసింది. 241 కిలోలూ లేచి స్టాండు మీద నిలబడ్డాయి. తర్వాత బండెక్కి, ఆయన పడేసిన ఆ మలుపులోనే తిప్పి తెచ్చి షోరూము మెట్ల ముందు ఆపింది.

అది పశువుల డాక్టరు. కూలబడ్డ గేదెల్ని లేపించడం దాని ఉద్యోగం. ఊళ్లన్నీ తిరిగేది బండి మీదే, నేర్పింది నేనే. నీకు బండి వచ్చా అని ఆయనెప్పుడూ అడగలేదు, ఇది చెప్పలేదు.

సేల్స్ కుర్రాడు బేరం చెడకుండా బావ దగ్గరికొచ్చాడు. "బండి మరీ పెద్దదైందనుకుంటే అడ్వాన్సు అలాగే ఉంచి మార్చేద్దాం సార్. మీటియర్ 350 ఉంది, 50 కిలోలు తక్కువ."

పొద్దుట్నుంచీ బావ నోరు విప్పింది అప్పుడే.

"బండి అదే ఉంచవయ్యా, బిల్లు మా అమ్మాయి పేరున రాయి. అల్లుణ్ణి మారుస్తాం."