వెలగడమొక్కటే తెలిసినదాన్ని

స్టీరింగు వెనక మీటర్ బోర్డులో, స్పీడు ముల్లు కింద, చిటికెన వేలి గోరంత చోటులో నా కాపురం. బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి, అతని ఎదుట ఒక గుండ్రని బంతి: నా మీది బొమ్మ అది. ఎయిర్‌బ్యాగు హెచ్చరిక దీపాన్ని నేను. తాళం తిప్పగానే ఎర్రగా వెలుగుతాను. ముందు సీట్ల మధ్య, నేలకు బిగించిన చిన్న కంప్యూటరు పెట్టె ఒకటుంది. ఆ కొద్ది సెకన్లలో అది బ్యాగుల్నీ, సెన్సార్లనీ, వాటి వైర్లనీ ఒక్కొక్కటిగా పలకరించి చూస్తుంది. అన్నీ బదులిస్తే నన్ను ఆర్పేస్తుంది. ఒక్కటి బదులివ్వకపోయినా నేను వెలుగుతూనే ఉంటాను.

2017లో తార్నాకలో, లాలాపేట వైపు ఒక ఇంటికి వచ్చాను. కారులో ఎయిర్‌బ్యాగు ఉండి తీరాలన్న నిబంధన అప్పటికి లేదు. డ్రైవరు వైపు బ్యాగు తప్పనిసరి అయింది 2019 జులై 1 నుంచే. పక్క సీటుకు ఆ భాగ్యం ఇంకా తర్వాత, 2021లో. మా మేడమ్ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో పాఠాలు చెబుతారు. "రెండు బ్యాగులూ ఉన్న బండే కావాలి" అని షోరూములో పట్టుబట్టి, అందుకు అదనంగా డబ్బు కట్టారు. ఆమె కొన్న భద్రత చెక్కుచెదరకుండా ఉందో లేదో చెప్పడానికే నన్ను అక్కడ పెట్టారు.

మా దారి చిన్నది. తార్నాక మెట్రో స్టేషను కింద నుంచి మలుపు, ఇఫ్లూ విశ్వవిద్యాలయం గోడ వెంట ఉస్మానియా క్యాంపస్ లోపలికి, చెట్ల నీడల్లోంచి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా. పొద్దున ఆ రోడ్ల మీద వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్ళుంటారు. కారు నేర్చుకునే కొత్త చేతులుంటాయి. పుస్తకం తెరిచి నడుస్తూనే గ్రూప్స్‌కు చదువుకునే పిల్లలుంటారు. వేగం తక్కువే, కానీ మనుషులు బండికి అతి దగ్గరగా ఉండే దారి అది.

నేను మొదటిసారి అకాలంగా వెలిగింది మెట్రో స్తంభాల మధ్య యూ-టర్న్ దగ్గర. స్టీరింగు పూర్తిగా కుడికి తిరిగింది, నేను వెలిగాను. తాళం తీసి మళ్ళీ పెడితే ఆరిపోయాను. మర్నాడు అదే మలుపు, మళ్ళీ అదే వెలుగు. మేడమ్ గమనించారు. చాలామంది గమనించరు. గమనించినా "ఏదో లైటులే" అనుకుంటారు.

ఎందుకు వెలిగానో చెబుతాను. స్టీరింగు చక్రం తిరుగుతుంది, దాని వెనకున్న గొట్టం తిరగదు. మరి చక్రం నడుమ మడిచిపెట్టిన ఎయిర్‌బ్యాగుకు కరెంటు చేరేదెలా? వాటి మధ్య ఒక ప్లాస్టిక్ డబ్బీ ఉంటుంది. అందులో పలుచని రాగి పట్టీ, దర్జీ మెడలోని కొలత టేపులా, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. చక్రం ఎటు తిరిగితే అటు చుట్టుకుంటుంది, విప్పుకుంటుంది. మెకానిక్కులు దాన్ని క్లాక్ స్ప్రింగ్ అంటారు. ఏళ్ళ తరబడి మెలికలు తిరిగి తిరిగి ఆ రాగి ఒకచోట చిట్లింది. నిటారుగా ఉన్నప్పుడు అంచులు తాకుతాయి, మలుపులో విడిపోతాయి. విడిపోయిన ఆ క్షణాన గుద్దుకుంటే బ్యాగు విచ్చుకోదు. గుద్దుకోవడానికీ బ్యాగు నిండడానికీ మధ్య ఉండేది కనురెప్ప వేసేంత సమయం కూడా కాదు. తెగిన వైరు ఆ సమయంలో అతుక్కుంటుందని ఆశపడలేం కదా.

సర్వీస్ సెంటర్లో బండిని నిటారుగా నిలబెట్టి స్కానర్ పెట్టారు. కోడ్ కనబడింది. చెరిపేశారు. నేను ఆరిపోయాను. "లూజ్ కాంటాక్ట్ మేడమ్, క్లియర్ చేసినం, ఇగ రాదు" అన్నాడు అడ్వైజర్. స్టీరింగును ఒక్కసారి ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి చూస్తే చాలు, జబ్బు వాళ్ళ కళ్ళ ముందే బయటపడేది. ఎవరూ తిప్పలేదు. తార్నాక మలుపు దాటకముందే మళ్ళీ వెలిగాను. మళ్ళీ తీసుకెళ్తే, "కొన్ని బండ్లకు అట్లనే వస్తది మేడమ్, సెన్సిటివ్ ఉంటయ్" అన్నారు. నాకు కోపం రావాలంటే అక్కడే రావాలి. ఆర్పాల్సింది లోపాన్ని. వాళ్ళు ఆర్పింది నన్ను.

ఒక సాయంత్రం తార్నాక స్టాపులోంచి సిటీ బస్సు పక్కకు చూడకుండా మా మీదికి వచ్చేసింది. మేడమ్ అరచేత్తో హారన్ నొక్కారు. చప్పుడు లేదు. ఇంకా గట్టిగా నొక్కారు. లేదు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేస్తే, అద్దానికి జానెడు దూరంలో బస్సు ఆగింది. ఆమె చేతులు చాలాసేపు చక్రం మీదే వణికాయి. హారన్‌కు పోయే కరెంటూ ఆ రాగి పట్టీ గుండానే పోతుంది. నేను నెలల తరబడి చెబుతున్న మాటనే హారన్ ఆ రోజు మౌనంగా చెప్పింది.

ఇంటికి వెళ్ళే దారిలో రోడ్డు పక్క మెకానిక్ దగ్గర ఆగాం. అతను చెయ్యి తిరిగినవాడు, మంచివాడు కూడా. డ్యాష్‌బోర్డు మీద వేరే బటన్ బిగించి, స్టీరింగుతో పని లేకుండా నేరుగా వైరు లాగి హారన్ మోగించాడు. ఆ తర్వాత నన్ను చూపిస్తూ, "ఈ లైటు గూడ బంద్ చేయమంటరా మేడమ్? చిన్న రెసిస్టర్ పెడితే సరిపాయె" అన్నాడు.

"పెడితే బ్యాగు పనిచేస్తదా అన్నా?"

"బ్యాగు సంగతి తెల్వదు. లైటైతే రాదు."

"అయితే వద్దు. ఉండనీ."

ఆ మాటకు నేను ఆమెకు జీవితాంతం రుణపడి ఉంటాను. ఆ రెసిస్టర్ చేసేది అబద్ధం చెప్పడం. కంప్యూటరు బ్యాగు వైరులోకి అతి చిన్న కరెంటు పంపి అడ్డు ఎంతుందో కొలుస్తుంది. అదే అడ్డు ఉన్న రెసిస్టర్ పెడితే, బ్యాగు లేకపోయినా ఉందనుకుంటుంది. పాత బండ్లు అమ్మేచోట ఈ పని జరుగుతుంది. కొందరైతే నన్నే పీకేస్తారు, నా మీద నల్ల టేపు అంటిస్తారు. పాత కారు కొనేవాళ్ళు తాళం తిప్పినప్పుడు నా చోటు చూడాలి. నేను వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ బండిని నమ్మకూడదు.

నా పక్కింటి దీపం ఏబీఎస్‌ది, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటుది. దాని కష్టం ఎలుకలు. క్యాంపస్ చెట్ల కింద బండి నిలబెడితే బానెట్ లోపలి వెచ్చదనానికి ఎలుకలు చేరతాయి, చక్రం దగ్గరి సెన్సార్ వైరు కొరుకుతాయి. కలరా ఉండలు పెట్టారు, పొగాకు కాడలు పెట్టారు, అవి కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వచ్చాయి. వైరు అతికి టేపు చుట్టారు. వానాకాలంలో ఆ అతుకు తుప్పుపట్టింది. ఏబీఎస్ లేకపోయినా మామూలు బ్రేకు పడుతుంది, అందుకే జనం ఆ దీపాన్ని పట్టించుకోరు. కానీ తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. రాలిన ఆకులు తడిసిన ఒక ఉదయం మా బండి అలాగే తిన్నగా జారి, వాకింగ్‌లో ఉన్న ఒక పెద్దాయన పక్కన ఆగింది. ఆయన ఏమీ అనలేదు. చేతికర్ర ఆనించుకుని కాసేపు మమ్మల్నే చూస్తూ నిలబడ్డారు.

ఆ వారమే ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పే సారొకరు, లా కాలేజీ మేడమ్ ఒకరు మా బండి ఎక్కారు. క్యాంపస్ అంటే నాకు ఇందుకే ఇష్టం, ఏ సందేహానికైనా నాలుగు అడుగుల దూరంలో ఒక గురువు ఉంటారు. సారు చిన్న స్కానర్ తెచ్చి, స్టీరింగు కిందున్న సాకెట్‌కు పెట్టి, చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించారు. సర్వీస్ సెంటర్ చేయని పని అదొక్కటే. కోడ్ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

"దీపం వెలిగిందంటే మీ అదృష్టమే" అన్నారాయన. "టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో అదీ లేదు." ఆ కథ అప్పుడే విన్నాను. టకాటా బ్యాగుల్లో గ్యాస్ పుట్టించడానికి అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ళ తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు చెడిపోయి, పేలాల్సిన దానికంటే ఉధృతంగా పేలి, లోహపు డబ్బా ముక్కలై మనిషి మీదికే దూసుకొచ్చేది. ప్రపంచమంతటా కోట్లాది బండ్లను వెనక్కి పిలిచారు. 2017 జూన్‌లో ఆ కంపెనీ దివాలా తీసింది. వైర్లన్నీ సవ్యంగానే ఉండటంతో నాలాంటి దీపం ఒక్కటీ వెలగలేదు. యంత్రం పట్టుకోలేని లోపాన్ని మనుషుల ఫిర్యాదులే పట్టుకోవాలి. నా శక్తి ఎక్కడితో ఆగిపోతుందో ఆ రోజు తెలిసింది.

సారు ఇంకో కథ కూడా చెప్పారు. అమెరికాలో జనరల్ మోటార్స్ చిన్న కార్లలో ఇగ్నిషన్ స్విచ్ వదులుగా ఉండేది. తాళం గుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం వెనక్కి జారితే, నడిచే బండి ఇంజను ఆగిపోయేది, ఎయిర్‌బ్యాగులు కూడా పనిచేసేవి కావు. "నడుస్తూ నడుస్తూ ఆగిపోతోంది" అని జనం మొత్తుకుంటే, కంపెనీలో దాన్ని భద్రత కింద కాక వినియోగదారుడి సౌకర్యం కింద రాసుకున్నారు. ఏళ్ళు గడిచాయి. 2014లో గానీ ఆ బండ్లను వెనక్కి పిలవలేదు. చివరికి 124 మరణాలకు పరిహారం చెల్లించారు.

ఇది విని మేడమ్ సంచిలోంచి సర్వీస్ సెంటర్ ఇచ్చిన మా పాత జాబ్ కార్డులు తీశారు. మలుపులో ఎయిర్‌బ్యాగు లైటు వెలుగుతోందని ఆమె చెప్పిన ప్రతిసారీ, ఫిర్యాదు గడిలో అచ్చయింది "జనరల్ చెకప్". బండిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

లా కాలేజీ మేడమ్ చెప్పిన సంగతులు నాకు ధైర్యమిచ్చాయి. 2017లో ఢిల్లీ-పానిపట్ హైవే మీద ఒక క్రెటా కారు ప్రమాదానికి గురైతే ఎయిర్‌బ్యాగులు విచ్చుకోలేదు. దెబ్బ తగినంత బలంగా తగల్లేదని కంపెనీ వాదించింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. వేగం, బలం లెక్కలు కట్టడానికి కొనుక్కున్నవాడు భౌతికశాస్త్ర పండితుడు కానక్కర్లేదని తేల్చి, 3 లక్షల పరిహారాన్నీ, బండి మార్చి ఇవ్వాలన్న తీర్పునూ ఖాయం చేసింది. ఇంకొక సంగతి: 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఎ సెక్షన్ వచ్చింది. దాని కింది నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ఏడేళ్ళు దాటని బండి యజమానులు భద్రతకు సంబంధించిన లోపాన్ని ప్రభుత్వ వాహన్ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. ఒక మోడల్ మీద ఫిర్యాదులు నిర్ణయించిన శాతానికి చేరితే విచారణ మొదలవుతుంది. లోపం రుజువైతే కంపెనీ బండ్లను వెనక్కి పిలవాలి, 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడుతుంది. లెక్క ఫిర్యాదులదే. కౌంటరు దగ్గర నోటితో చెప్పుకుని వచ్చిన బాధ ఆ లెక్కలోకి రాదు.

మర్నాడు సర్వీస్ సెంటర్లో అడ్వైజర్ జాబ్ కార్డులో మళ్ళీ "జనరల్ చెకప్" అన్న అదే రెండు మాటలు కొట్టబోయాడు. మేడమ్ ఆపారు. "నేను చెప్పింది చెప్పినట్టు రాయండి బాబూ. స్టీరింగ్ కుడివైపు పూర్తిగా తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది, స్టీరింగ్ మీది హారన్ మోగట్లేదు." అతను రాశాడు. మెకానిక్ స్టీరింగు తిప్పి చూశాడు. అరగంటలో రోగం దొరికింది. కొత్త క్లాక్ స్ప్రింగ్ పడింది. వారంటీ దాటిపోయిందని ఆ ఖర్చు ఆమె చేతే కట్టించారు. అది న్యాయం కాదు, బండి వారంటీలో ఉన్నప్పటి నుంచీ ఆమె చెబుతూనే ఉన్నారు. ఏబీఎస్ వైరు కూడా అతుకుల్లేకుండా కొత్తది వేయించారు.

పాత పార్టు ఆమె అడిగి తెచ్చుకున్నారు. ఇంజినీరింగ్ సారు నా ఎదుట డ్రైవరు సీట్లోనే కూర్చుని దాన్ని విప్పారు. పట్టీని చాచి పట్టుకుంటే ఏమీ లేదు, నున్నగా మెరిసింది. కొద్దిగా వంచగానే మడత దగ్గర వెంట్రుకంత నల్ల గీత తెరుచుకుంది. వదిలేస్తే మూసుకుపోయింది. ఆ గీత మీద ఒక మనిషి ప్రాణం అన్నాళ్ళు ఆధారపడి ఉంది.

ఆ సాయంత్రమే మేడమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేశారు. మా మోడల్‌కు ఇప్పటిదాకా రీకాల్ రాలేదు. ఇదే బండి నడిపేవాళ్ళు హబ్సిగూడలో, మెట్టుగూడలో, నాచారంలో రోజూ నాకు ఎదురవుతుంటారు. వాళ్ళలో ఎంతమంది మీటర్ బోర్డుల్లో నా తోబుట్టువులు వెలుగుతున్నాయో, ఎంతమంది "అట్లనే వస్తది" అన్న మాట విని ఊరుకున్నారో!

కాబట్టి మీకు నా మనవి ఒకటే. మీ బండిలో బ్రేకు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగు, ఏ దీపం వెలిగినా జాబ్ కార్డులో మీ మాట మీరు చెప్పినట్టే రాయించండి, చదివాకే సంతకం పెట్టండి, ఆ కాగితం పారేయకండి. బండికి ఏడేళ్ళు నిండకముందే ఫిర్యాదు నమోదు చేయండి.