కాపలా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: తిరుచానూరులో మా మేనల్లుడు ఒక లాడ్జి కంప్యూటర్లు చూసుకుంటాడు. ఉన్నవి మూడు. లెక్కలది ఉబుంటు, గదుల బుకింగుది రాకీ లినక్స్, రిసెప్షన్‌లో బిల్లులు కొట్టేది విండోస్. కార్తిక బ్రహ్మోత్సవాల్లో, తెల్లవారితే పంచమీతీర్థమనగా, బుకింగు మిషన్‌లో డిస్కు నిండిపోయి అది నోరు మూసుకుంది. ఆ సంగతి మావాడికి చెప్పింది మిషన్ కాదు. పద్మసరోవరంలో మునగడానికి వచ్చి, మూటాముల్లెతో గుమ్మం నిండా నిలబడిన జనం చెప్పారు, గట్టిగా.

"ఇంగోసారి ఇట్ల జరగకూడదు మామా" అని వాడు మూడు మిషన్లకూ జబ్బిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను కాపలా పెట్టాడు. చేసిన పని మరిచిపోకుండా ఒక పద్యంలో పెట్టి ఇమ్మన్నాడు. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పినవాణ్ణి, ఇచ్చాను. పద్యం రాసిన పాపానికి వ్యాఖ్యానమూ నా నెత్తినే పడింది. మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. నాకు అంత నిగ్రహం లేదు.

మూలము (ఆటవెలది):

దూత నింట నునిచి దొరపేరు చెప్పుమా
తలుపు దెరిచి యుంచు తగిన చోట
పడిన పిదప లేచు పద్ధతిన్ నేర్పుమా
పేరు మారెనేని బెడిసికొట్టు

ప్రతిపదార్థము: దూతన్ = ఏజెంటును; ఇంటన్ = కాపలా కాయవలసిన మిషన్‌లో; ఉనిచి = ఇన్‌స్టాల్ చేసి; దొరపేరు = ఏజెంటు కబుర్లు అందుకొను సర్వర్ చిరునామాను; చెప్పుమా = కాన్ఫిగ్ ఫైలులో రాయుము; తగిన చోటన్ = ఏ వైపు కావలెనో ఆ వైపు; తలుపు = పోర్టును; తెరిచి ఉంచు = ఫైర్‌వాల్‌లో అడ్డు తీసి ఉంచుము; పడిన పిదపన్ = కరెంటు పోయి వచ్చిన తరువాత; లేచు పద్ధతిన్ = తనంతట తాను మొదలగు తీరును; నేర్పుమా = అలవాటు చేయుము; పేరు మారెనేని = హోస్ట్‌నేమ్ తేడా పడినచో; బెడిసికొట్టు = పడిన శ్రమ వృథా యగును.

టీక: దూత యనగా, కావ్యాలలో మేఘమూ హంసా వంటిది. అయితే ఈ దూతకు విరహం తెలియదు. డిస్కు ఎంత నిండింది, మెమరీ ఎంత మిగిలింది, ఇంతే దాని సందేశం. దానిని 'ఉనుచుట' దేశాన్ని బట్టి మారును. ఉబుంటులో ఆప్ట్, రాకీలో డీఎన్‌ఎఫ్, విండోస్‌లో ఎంఎస్‌ఐ ఫైలు మీద రెండు నొక్కులు. మావాడి బుకింగు మిషన్ మొదట సెంటాస్ 7. దానికి 2024 జూన్ 30తో కాలం చెల్లగా రాకీకి మారాడు.

'దొరపేరు' దగ్గర ఒక చమత్కారం. కాన్ఫిగ్ ఫైలులో ఆ పంక్తిని ముట్టుకోకపోతే 127.0.0.1 అని ఉంటుంది. అంటే దూత తనకు తానే దొర. ఎవరికీ ఏమీ చెప్పడు, హాయిగా ఉంటాడు. ఇట్లాంటి ఉద్యోగులను మనం చూడకపోలేదు.

'తగిన చోట' అనుటలో రెండు మతాలున్నవి. సర్వర్ వచ్చి దూతను అడుగునది పాసివ్ మతం. అందులో దూత ఇంటి తలుపు, 10050, తెరవవలెను. దూతయే పోయి దొరకు చెప్పుకొనునది యాక్టివ్ మతం. అందులో దొర ఇంటి తలుపు, 10051, తెరవవలెను. మావాడు రెండవ మతస్థుడు. ఉబుంటులో ఫైర్‌వాల్ మామూలుగా నిద్రలో ఉండును, రాకీలో మెలకువగా ఉండును. కావున ఒక ఇంట్లో చెల్లిన పని రెండో ఇంట్లో చెల్లదు.

మూడవ పాదమునకూ ఇదే న్యాయం. డెబియన్ వంశపు ఉబుంటులో సర్వీసులు పెట్టగానే సాధారణంగా లేచి కూర్చుంటాయి. రెడ్‌హ్యాట్ వంశపు రాకీలో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ అని విడిగా చెప్పవలెను. చెప్పకపోతే ఈరోజు నడుస్తుంది, కరెంటు పోయిన రోజు తెలుస్తుంది.

నాలుగవ పాదము ఈ పద్యమునకు ప్రాణం. ఉబుంటు, రాకీ గంటలో పలికాయి. విండోస్ ఆరు గంటలు పలకలేదు. మావాడు రిసెప్షన్ మిషన్‌కు భక్తి కొద్దీ ఊరి పాతపేరు పెట్టాడు, అలమేలుమంగాపురం అని. ఇంగ్లిషు స్పెల్లింగులో అది 17 అక్షరాలు. విండోస్ లోపల నెట్‌బయాస్ అనే పాతకాలపు పేరొకటి ఉంటుంది. దానికి 15 అక్షరాలకు మించి పట్టవు, అవి కూడా పెద్దబడి అక్షరాలు. ఏజెంటు ఆ పేరే పట్టుకున్నది. చివరి రెండక్షరాలు తెగి 'అలమేలుమంగాపుర్' అయింది. మన అమ్మవారి ఊరు ఉత్తరాదిన ఎక్కడో రైల్వే జంక్షన్ లాగా ధ్వనించింది. సర్వర్‌లో చిన్నబడి పురం, ఏజెంటులో పెద్దబడి పుర్. "ఆ పేరు గలవాడు నా జాబితాలో లేడు" అన్నాడు దొర. లాగ్ ఫైలులో హోస్ట్ నాట్ ఫౌండ్ అని మొదటి నుంచీ రాస్తూనే ఉంది. మావాడు దాన్ని తప్ప అన్నిటినీ చూశాడు.

పైగా తెగిన రెండక్షరాలు కలిపినా చాలదు. చిన్నబడి పెద్దబడి తేడా కూడా జబ్బిక్స్ ఒప్పదు. తెలుగులో అక్షరానికి పెద్దా చిన్నా లేదు గనుక మనవాళ్లకు ఆ అనుమానం సులభంగా రాదని నా అభిప్రాయం. పాసివ్ మతంలో పేరు కలవకున్నా నడుచును. ఆ మతం వారికి ఈ పాదం వర్తించదని గ్రహించునది.

ఆక్షేపము: "పేరు మారితే బెడిసికొట్టు అన్నావే మామా, 1999లో నెట్‌సెయింట్‌గా పుట్టిన కాపలా సాఫ్ట్‌వేర్ 2002లో నాగియోస్‌గా పేరు మార్చుకుని దేశదేశాలా బతికింది గదా?" సమాధానము: బతికింది. కొత్తపేరును అందరూ ఒకే తీరుగా రాశారు గనుక బతికింది. పేరు మారుట దోషం కాదు, ఒకవైపే మారుట దోషం.

తాత్పర్యము: ఏజెంటును పెట్టి, సర్వర్ ఎవరో చెప్పి, పోర్టు తెరిచి, తనంతట తాను లేచేటట్టు చేసి, రెండు చోట్లా పేరును అక్షరం పొల్లుపోకుండా ఒకటిగా రాయవలెనని భావం.

పాఠాంతరము: మావాడు తన నోటుబుక్కులో నాలుగవ పాదాన్ని 'పోర్టు మారెనేని' అని దిద్దుకున్నాడు. నిజానికి చిక్కు ఎక్కువసార్లు పోర్టుతోనే వస్తుందట. రావచ్చు. కానీ పేకూ బెకూ యతి కుదురును, పోకూ బెకూ కుదరదు. ఆరు గంటలు ఏడిపించింది పేరే గాని పోర్టు కాదు. కావున 'పేరు మారెనేని' అన్నదే కవి పాఠం, తక్కినది లేఖక ప్రమాదం.