బ్లాకుకు పాలిష్

మా బేతంచెర్లలో రాయికి రెండు బతుకులు. క్వారీలోంచి వచ్చినప్పుడు ఉత్త నాపరాయి. మిషన్ కిందికి పోయి, నీళ్లు తాగి, నునుపు తేలి బయటికొస్తే పాలిష్ బండ. రేటు వేరు, మర్యాద వేరు. రాయి మాత్రం అదే రాయి. ఈ విద్య మా ఊరిదేనని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. అమరావతికీ వచ్చునని సినిమా టికెట్ల జీవోలు చూశాక తెలిసింది.

నా చిన్నతనంలో బ్లాకు టికెట్ పాలిష్ పట్టని సరుకు. కొత్త సినిమా పడితే క్యూ సందులో చొక్కా గుండీలు తెగేదాకా నిలబడేవాళ్లం. మన చెయ్యి కిటికీ కంతలో దూరే వేళకు లోపల్నుంచి "అయిపోయినాయప్పా" అని ఒక మాట, కంతకు మూత. బయటికొస్తే వేపచెట్టు కింద లుంగీ ఎగగట్టినాయన, చూపు ఎటో పెట్టి, పెదవి కదపకుండా "బెంచీ పది, కుర్చీ ఇరవై" అని జపం చేస్తుండేవాడు. అప్పుడప్పుడు పోలీసు వచ్చి నాలుగు తగిలించి ఆయన్ను తోలుకుపోయేవాడు. కిటికీ లోపలాయన్ను మాత్రం పలకరించేవాడు కాదు. మూడు గంటలు క్యూలో ఉన్నోళ్లకు దొరకని టికెట్టు, క్యూలో లేనే లేనోడికి కట్టలకు కట్టలు ఎట్లా చేరిందబ్బా అన్న అనుమానం ఆ పోలీసుకు ఒక్కనాడూ రాలేదు.

ప్రభుత్వాలకు వచ్చేవన్నీ రేటు ఆలోచనలే. 2021 ఏప్రిల్‌లో జీవో 35 వచ్చింది. పల్లెటూరి హాల్లో, ఏసీ లేకపోతే, ఆఖరి తరగతి టికెట్ 5 రూపాయలు. అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ మా బేతంచెర్ల వారే, కనుక లెక్క గురించి నోరెత్తను. ఐదు రూపాయలని అచ్చేసిన టికెట్టు చేతికొస్తే బ్లాకాయనకు వేరే పెట్టుబడి ఎందుకని మాత్రం అడుగుతాను. ఆ డిసెంబరులో హైకోర్టు దాన్ని పక్కన పెట్టింది. టికెట్లన్నీ ప్రభుత్వ పోర్టల్‌లోనే అమ్మాలని అదే ఏడు చివర్లో చట్టం సవరించారు. కిటికీ లోపల ఏం జరుగుతోందన్న ప్రశ్న అప్పుడు గుమ్మం దాకా వచ్చింది. 2022లో కోర్టు స్టే ఇస్తే తిరిగి ఇంటికి పోయింది.

ఈలోగా 2022 మార్చిలో ఇంకో జీవో. హీరో, దర్శకుల పారితోషికాలు కాక ఖర్చు 100 కోట్లు దాటితే మొదటి 10 రోజులు రేటు పెంచుకోవచ్చు. పెండ్లికి ఎక్కువ అప్పు చేసినోడు చదివింపులు ఎక్కువ అడగొచ్చన్నమాట!

ఇక అక్కడి నుంచి మిషన్ ఆగలేదు. 2024 డిసెంబరు 4 రాత్రి 'పుష్ప 2' షోకు 800. ఎర్రచందనం దొంగ రవాణా కథ, టికెట్ మీద మాత్రం సర్కారు ముద్ర. 2025 సెప్టెంబరులో 'ఓజీ' బెనిఫిట్ షోకు 1000. ఆ హీరోగారే ఉప ముఖ్యమంత్రి. నాలుగేళ్లలో ఐదు రూపాయల రాష్ట్రం వెయ్యి రూపాయల రాష్ట్రమైంది. అదే సినిమాకు తెలంగాణలోని చౌటుప్పల్‌లో ఒక అభిమాని వేలంపాటలో ఒక్క టికెట్‌ను లక్షా 29 వేల 999కి కొన్నాడు. పాపం, వేపచెట్టాయనకు అంత పెద్ద అంకె పలకడం కూడా రాదు. ఒకప్పుడు బెనిఫిట్ షో అంటే వరద బాధితులకో, బడి కట్టడానికో. ఇప్పుడు బాధితులు హాల్లోనే కూర్చుంటున్నారు.

"ఎటూ బ్లాకులో వెయ్యి పెట్టి కొంటారు, ఆ వెయ్యేదో నిర్మాతకు పోతే మంచిదే కదా!" అంటారు సినిమా పెద్దలు. ఊళ్లో దొంగలు పడుతున్నారని పంచాయతీవాళ్లే వచ్చి బీరువా మోసుకుపోయినట్టుంది. జనం వెయ్యిమంది, సీట్లు మూడొందలు అయిన రాత్రి, అచ్చేసిన రేటు ఎంతైనా దాని పైన ఇంకొకడు నిలబడతాడు. 2024లో అమ్మిన ముంబై కోల్డ్‌ప్లే కచేరీ టికెట్లు చవకవేం కావు. అయినా తిరిగి అమ్మే సైట్లలో లక్షలు పలికాయి.

మందు తెలియని జబ్బేం కాదు. అచ్చు ధరకు మించి తిరిగి అమ్మడాన్ని ఐర్లండ్ 2021లోనే నిషేధించింది, తామూ చేస్తామని బ్రిటన్ 2025 నవంబరులో ప్రకటించింది. అంత దూరం ఎందుకు, మా ఊరి రైల్వే స్టేషన్‌కు రండి. రిజర్వేషన్ టికెట్ మీద పేరుంటుంది. ప్రయాణం మానుకుంటే రద్దు చేసుకుని వచ్చినంత తీసుకుంటాం, ప్లాట్‌ఫాం మీద కేకలేసి అమ్ముకోం. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్టూ అంతే, ఒకరి పేరు మీదిది ఇంకొకరికి చెల్లదు. రెండుచోట్లా దళారులు లేరని కాదు, కానీ చెట్టు కింద నిలబడి జపం చేసే ధైర్యం లేదు. సినిమాకు పేరు రాయమంటే గేటు దగ్గర ఆలస్యమవుతుందంటారు. కటౌటుకు పాలాభిషేకమయ్యేదాకా గేటే తెరవని హాళ్లలో ఇంకో పది నిమిషాలతో కొంపేమీ మునగదు.

హాలు యజమానులకు నాదొక మనవి. 'హౌస్‌ఫుల్' బోర్డు పక్కనే ఇంకో బోర్డు కట్టండి. ఈ షోకు మొత్తం సీట్లు ఎన్ని, కిటికీలో అమ్మినవి ఎన్ని, ఆన్‌లైన్‌లో ఎన్ని, అమ్మకం మొదలుకాక ముందే ఎవరి చేతికి ఎన్ని పోయినాయి అని నాలుగు వరుసలు రాయించండి. రాయడానికి బండ కావాలంటే మా ఊర్లో దొరుకుతుంది. పాలిష్ లేనిదైతే చవక.